ఒంట్లో నిలిచిపోయిన మందు

మూడో నెల నిండకముందే నా కడుపు ఐదో నెల కడుపంత కనబడింది. మా అత్త సంబరపడిపోయి, కవలలై ఉంటారని కాలనీలో నాలుగిళ్లకు చెప్పి వచ్చింది. నాకు మాత్రం లోపల ఏదో సరిగా లేదనిపించేది. రోజంతా వాంతులు. కాళ్లు ఉబ్బేవి. నల్లబల్ల మీద లెక్క రాస్తుంటే కళ్లు తిరిగి, సుద్దముక్క పట్టుకుని అలాగే గోడకు ఆనుకునేదాన్ని.

అవి డెబ్బయ్యో దశకం సగానికి వచ్చిన రోజులు. గోదావరిఖనిలో గని కార్మికుల పిల్లలు చదువుకునే ప్రాథమిక బడిలో నేను టీచరును. ఇరవై ఐదేళ్లు. మా ఆయన బాయి మీద ల్యాంపు రూములో పనిచేసేవాడు. బొగ్గుగనిని మా దగ్గర బాయి అనే అంటారు. షిఫ్టుకు కిందికి దిగేవాళ్లకు టోపీ దీపాలు ఇవ్వడం, పైకి వచ్చాక వాటిని తీసుకుని చార్జింగుకు పెట్టడం ఆయన డ్యూటీ. మామ లేడు. అత్త మాతోనే ఉండేది. వయసులో ఉన్నప్పుడు ఆమె కూడా బాయి మీద తట్టలతో బొగ్గు మోసి వ్యాగన్లు నింపిన మనిషి. అరచేతులు అప్పటికీ చెక్కలా గట్టిగా ఉండేవి. చర్చిలో పాట ఎత్తుకుంటే అందరికన్నా ఆమె గొంతే పైకి వినిపించేది.

ఒకరోజు బడిలోనే రక్తస్రావం మొదలైంది. గని కంపెనీ నడిపే కాలరీ దవాఖానకు తీసుకెళ్లారు. అక్కడి లేడీ డాక్టరు లోపల శుభ్రం చేసి, మత్తు వదిలాక నా మంచం పక్కన కూర్చుని చెప్పింది. కడుపులో బిడ్డ లేదట. ఉడికిన సగ్గుబియ్యంలాంటి నీటి బుడగలే గుత్తులు గుత్తులుగా ఉన్నాయట. ముత్యాల గర్భం అంటారట దాన్ని. ఇంత భయంకరమైనదానికి అంత అందమైన పేరు ఎవరు పెట్టారో నాకు అర్థం కాలేదు.

"చాలామందికి ఇంతటితో అయిపోతుంది. కొందరికే మిగిలిపోయి పెరుగుతుంది. నెలనెలా మూత్రం పరీక్ష చేయించుకోవాలె, మరిచిపోవద్దు," అంది.

నేను మరిచిపోలేదు. మొదటి నెల పరీక్షలో గర్భం ఉన్నట్టే వచ్చింది. కొన్నాళ్లు అలా రావడం మామూలేనంది డాక్టరు. రెండో నెలా అలాగే వచ్చింది. మూడో నెలకు ఇంకా గట్టిగా వచ్చింది. కడుపు ఖాళీ, పరీక్ష మాత్రం గర్భం ఉందంటోంది. నా ఒంట్లో ఏదో ఉంది, అది బిడ్డ కాదు. పిల్లలకు ఎక్కాలు చెప్పిస్తూ చెయ్యి పొత్తికడుపు మీద పెట్టుకుని ఉండేదాన్ని, లోపల ఏదైనా కదులుతుందేమోనని.

లేడీ డాక్టరు చీటీ రాసి హైదరాబాదు పంపింది. అక్కడి పెద్దాసుపత్రిలో ఛాతీకి ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తులో రెండు మచ్చలు. బొగ్గు ఊళ్లో పెరిగిన మాకు ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ అంటే తెలుసు. కానీ అది కిందికి దిగేవాళ్లకు బొగ్గు దుమ్ముతో వచ్చే జబ్బు. నేనెప్పుడూ బాయి దిగలేదు.

అక్కడి డాక్టరు పెద్దవయసు మనిషి. నెమ్మదిగా మాట్లాడేవాడు. గర్భంలో మిగిలిందే ఊపిరితిత్తులకు పాకిందని, దాచకుండా క్యాన్సర్ అనే చెప్పాడు.

"అయినా వినమ్మా. క్యాన్సర్లలో మందుకు కరిగేవి తక్కువ. ఇది కరిగేది. ఐదు రోజులు ఇంజక్షన్లు, తరవాత కొన్నాళ్లు విరామం, మళ్లీ ఐదు రోజులు. ఎన్నిసార్లో పరీక్షే చెబుతుంది."

మందు పసుపుపచ్చగా ఉండేది. సిస్టరమ్మ సూదిలోకి ఎక్కిస్తుంటే పసుపు నీళ్లలా కనిపించేది. మొదటి ఐదు రోజులు పెద్దగా ఏమీ కాలేదు. నోరు కాస్త పూసింది, అన్నం సయించలేదు, అంతే. మూత్రం పరీక్షలో గర్భం చూపే లెక్క సగానికి సగం దిగింది. మా ఆయన ఆ కాగితం చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, మళ్లీ తీసి చదివాడు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఇద్దరం అరటిపళ్లు తిన్నాం. బతుకుతానని ఆ మధ్యాహ్నమే మొదటిసారి అనుకున్నాను.

రెండోసారికి ఎండాకాలం ముదిరింది. మా ఆయనకు సెలవులు అయిపోయాయి. నన్ను, అత్తను వార్డులో దింపి ఆయన డ్యూటీకి వెళ్లిపోయాడు. ఈసారి మూడో ఇంజక్షన్ పడ్డాక ఒళ్లంతా నొప్పులు పట్టుకున్నాయి. తల పగిలిపోతున్నట్టు ఉండేది. పక్కకు తిరిగితే ఎముకలు కలుక్కుమనేవి. సిస్టరమ్మకు చెబుతానంటే అత్త వారించింది.

"ఊకె ఆమెను పిలుస్తే ఇసుక్కుంటది. నా కాడ ఉన్నయి తియ్యి," అంటూ కొంగు ముడి విప్పింది. అందులో కాగితం పొట్లం, పొట్లంలో తెల్లబిళ్లలు.

ఆ బిళ్లలు మా అందరికీ తెలిసినవే. అత్త బొగ్గు మోసిన రోజుల్లో ఆడవాళ్లు పని దిగాక చాయ్‌తో ఒకటి వేసుకునేవాళ్లట. ఇప్పటికీ కాలనీలో ఏ కిరాణా కొట్టుకు వెళ్లినా బీడీల పక్కన, సబ్బుల పక్కన ఇవీ ఉండేవి. తలనొప్పికి, నడుం నొప్పికి, జ్వరానికి, దేనికైనా అవే.

"సిస్టరమ్మ వేరే మందులు ఏసుకోవద్దన్నది గదా అత్తా," అన్నాను.

"గివి మందులా బిడ్డా? నొప్పుల బిళ్లలు. నేను ముప్పై ఏండ్లు మింగిన, నాకేమన్న అయిందా? ఏస్కో, జెర నిమ్మళమైతది."

వేసుకున్నాను. నిజంగానే నిమ్మళించింది. గంటసేపు నిద్ర పట్టింది. దాంతో సాయంత్రం ఇంకోటి, పొద్దున ఇంకోటి. మందంటే సూదిలో వచ్చేది, సీసాలో వచ్చేది. కొంగు ముడిలోంచి వచ్చేది మందు కాదని నేనూ నమ్మాను. చదువుకున్నదాన్ని, నలుగురికి చదువు చెప్పేదాన్ని, నేనూ నమ్మాను. అది రాసుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఐదో ఇంజక్షన్ అయ్యాక నాలుగు వాంతులయ్యాయి. పొద్దున్నే ఇంటికి వెళ్లొచ్చన్నారు. ఎండకు జాగ్రత్త, నీళ్లు బాగా తాగాలి, తాగి తాగి విసుగు రావాలి అని సిస్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. కానీ రైల్లో ఎక్కింది జనరల్ పెట్టె. నిలబడ్డవాళ్లు, మూటల మీద కూర్చున్నవాళ్లు, పాయఖానా తలుపుకు అడ్డంగా ఇద్దరు మనుషులు పడుకుని ఉన్నారు. నీళ్లు తాగితే లేచి అక్కడికి వెళ్లాలి. ఇంతమంది మగవాళ్లను దాటుకుంటూ వెళ్లలేక తాగడం మానేశాను. నాలుక తడిచేంతే తాగాను. కిటికీ లోంచి వేడిగాలి మొహానికి కొడుతుండేది. తల నొప్పెట్టి దారిలో ఇంకో బిళ్ల, రామగుండం స్టేషన్‌లో దిగాక ఇంకోటి వేసుకున్నాను.

ఇంటికి వచ్చిన మర్నాడు నోట్లో పుండ్లు లేచాయి. మొదటిసారిలాంటివి కావు. పెదవుల నుంచి గొంతు దాకా పచ్చిపుండు. మంచినీళ్లు కూడా కారంలా మండేవి. ఆ తరవాత రోజు ఉదయం అద్దంలో చూసుకుంటే కళ్ల కింద ఉబ్బి, నా మొహం నాకే ఎవరిదోలా కనిపించింది. మధ్యాహ్నం పూట అత్త ఉతికిన చీరలు ఆరేసి వచ్చి, నా పక్కన కూర్చుని అడిగింది.

"బిడ్డా, పొద్దుగాల సంది ఒంటికి పోయినవా?"

ఆలోచించాను. పొద్దున వెళ్లలేదు. రాత్రి కూడా వెళ్లలేదు. అంతకుముందు రోజు సాయంత్రం వెళ్లినట్టు గుర్తు, అదీ రెండు చుక్కలు, చాయ్ డికాక్షన్ రంగులో.

"ఎండలకు గట్లనే ఉంటది," అన్నాను.

అత్త లేచి కుండలోంచి గ్లాసు నీళ్లు ముంచి ఇచ్చింది. గొంతు మంటకు కళ్లలో నీళ్లు తిరుగుతుంటే గుటక గుటకగా తాగించింది. గంట తరవాత ఇంకో గ్లాసు. సాయంత్రం షిఫ్టు సైరన్ మోగేదాకా చూశాం. ఒంటికి రాలేదు. తాగినవన్నీ ఎక్కడికి పోతున్నాయో చూపిస్తున్నట్టు పాదాలు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట పడి, అది నిండడానికి చాలాసేపు పట్టింది. అప్పుడు నాకు భయం పుట్టింది. కడుపులో లేని బిడ్డ గురించి పడ్డ భయం కాదు, ఇది వేరే. ఒంట్లో ఒక తలుపు మూసుకుపోయిందని నాకు తెలిసిపోయింది.

మా ఆయన డ్యూటీ నుంచి రాగానే రిక్షాలో దవాఖానకు తీసుకెళ్లాడు. లేడీ డాక్టరు గొట్టం వేసి చూసింది. చిన్న గ్లాసులో పావు వంతు కూడా రాలేదు. రక్తం తీసి పరీక్షకు పంపి, ఫలితం వచ్చాక నాతో కాక మా ఆయనతో వరండాలో మాట్లాడింది. ఆయన లోపలికి వచ్చినప్పుడు ఒంటిమీద చొక్కా చెమటకు తడిసి ఉంది.

"కిడ్నీలు పని చేస్తలేవంట. హైదరాబాద్ పోవాలె. వ్యాను ఇస్తున్నరు," అన్నాడు.

"ఎందుకైంది?"

"ఇంజక్షన్ల తోటే అంటున్నది. గట్ల అయితదట ఒక్కోసారి."

ఆ ప్రయాణం నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తు. వ్యాను కుదుపుకు సెలైన్ సీసా కొక్కేనికి తగిలి టకటకమనేది. ఎక్కిళ్లు మొదలై ఆగలేదు. అత్త నా పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేస్తోంది. గొంతెత్తి పాడే మనిషి ఆరోజు గొంతు బయటికి రానివ్వలేదు.

వార్డులో పెద్ద డాక్టరు నా నోరు చూశాడు, పాదాలు నొక్కాడు, కాగితాలన్నీ చదివాడు. తరవాత స్టూలు లాక్కుని కూర్చుని మా ముగ్గురికీ అర్థమయ్యేలా చెప్పాడు.

"మేమిచ్చిన మందు జబ్బు కణాలను చంపి, పని అయిపోయాక మూత్రంలోనే బయటికి పోవాలి. వేరే దారి లేదు దానికి. ఆ మందే కిడ్నీలను దెబ్బ తీస్తుంది ఒక్కోసారి. ఇప్పుడు అదే జరిగింది. కిడ్నీ ఆగిపోయింది గనక మందు బయటికి పోవడం లేదు. పోవడం లేదు గనక ఇంకా దెబ్బ తీస్తోంది. నోట్లో పుండ్లు అందుకే."

"అయితే ఇంజక్షన్ ఆపేస్తే సాలదా సార్?" అన్నాడు మా ఆయన.

"ఎప్పుడో ఆగిపోయింది బాబూ. ఒంట్లో ఉన్నదే ఇంకా పని చేస్తోంది."

ఐదు రోజుల ఇంజక్షన్లు అయిపోయాయనుకుని ఇల్లు చేరినదాన్ని. అవి అయిపోలేదు. అదే పసుపు మందు నా రక్తంలో తిరుగుతూ, దొరికినదాన్నల్లా తింటూ ఉంది. నా చేతులు చూసుకున్నాను. పసుపుగా ఏమీ లేవు. అయినా చర్మం కింద ఆ రంగు కదులుతున్నట్టే అనిపించేది.

డాక్టరు ఇంకా చెప్పాడు. దీనికి విరుగుడు సూది ఉందట. ఆసుపత్రిలో ఉన్నవి రెండు రోజులకే సరిపోతాయి. మిగిలినవి బొంబాయి నుంచి తేవాలి. కిడ్నీలు ఈలోపు తెరుచుకోకపోతే పొట్టలో గొట్టం వేసి, నీళ్లు పోసి తీసి రక్తం శుభ్రం చేయాలి. మా ఆయన డాక్టరు రాసిచ్చిన ఉత్తరం తీసుకుని ఆ సాయంత్రమే బొంబాయి రైలెక్కాడు. కరీంనగర్ దాటి వెళ్లడమే పెద్ద ప్రయాణమనుకునే మనిషి. భాష రాదు, దారి తెలియదు. వెళ్లేముందు నా తల మీద చెయ్యి పెట్టి, "జల్ది వస్త," అన్నాడు. ఆ చెయ్యి తీసినప్పుడు వేళ్లకు నా వెంట్రుకలు అంటుకుని వచ్చాయి. ఆయన వాటిని చూడనట్టు పిడికిలి మూసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున రౌండ్లలో డాక్టరు అడిగాడు. "మొదటి కోర్సు అంత బాగా తట్టుకున్నావు. రెండోదానికి ఇంతగా ఎందుకైందో నాకు అంతు పట్టడం లేదమ్మా. మేమిచ్చినవి కాక ఇంకేమైనా వేసుకున్నావా? నాటుమందు గానీ, తలనొప్పి బిళ్ల గానీ?"

అత్త మంచం అవతల నిలబడి తడిగుడ్డ పిండుతోంది. ఆమె చెయ్యి ఆగడం చూశాను.

"లేదు సార్," అన్నాను.

ఎందుకు అబద్ధమాడానో అప్పుడే నాకు తెలుసు. ఆ బిళ్లల వల్లే ఇదంతా అయిందని తేలితే, నేను చచ్చిపోతే, ఆ చావు అత్త చేతులతో ఇచ్చినదవుతుంది. మా ఆయన జీవితాంతం తల్లి మొహం చూడడు. అదొక భయం. రెండోది ఇంకా చిన్నది, ఇంకా సిగ్గుచేటైనది. వద్దన్నది చేశానని తెలిస్తే ఈ డాక్టరు నన్ను వదిలేస్తాడేమోనని.

ఆయన తల ఊపి పక్క మంచానికి వెళ్లిపోయాడు. అత్త గుడ్డ నా నుదుటి మీద వేసింది. మేమిద్దరం ఆ రోజంతా ఒకరి కళ్లలోకి ఒకరం చూసుకోలేదు.

ఆ రోజు మూత్రం అరవై మిల్లీలీటర్లు వచ్చింది. కొలత గాజుజాడీ మీద గీతలుండేవి. అత్తకు అంకెలు రావు. జాడీని కిటికీ వెలుతురుకు పెట్టి నాకు చూపించేది, నేను చదివేదాన్ని. రోజుకు వెయ్యికి పైగా రావాలని సిస్టరమ్మ చెప్పింది. అరవై. మధ్యాహ్నానికి కాళ్ల మీద ఎర్రమచ్చలు లేచాయి. రక్తంలో తెల్లకణాలు పడిపోతున్నాయి, ఏ అంటు సోకినా ప్రమాదమన్నారు. నా మంచం చుట్టూ తెర కట్టారు. లోపలికి వచ్చేవాళ్లు మూతికి గుడ్డ కట్టుకుని వచ్చేవాళ్లు. పక్క మంచం మీది ఆడమనిషి అంతవరకు నాతో మాట్లాడుతుండేది. తెర కట్టగానే ఆమె మాట కూడా ఆగిపోయింది. నన్ను అప్పుడే లేనిదాన్ని చేసేశారనిపించింది.

మూడో రోజు పొద్దున డాక్టరు వచ్చేసరికి అత్త తెర బయట ఆయనకు ఎదురెళ్లింది. నాకు మనుషులు కనిపించలేదు, మాటలు వినిపించాయి.

"సార్, నా కోడలు మీకు అబద్ధం చెప్పింది. నా కొరకు చెప్పింది. బిళ్లలు నేనే ఇచ్చిన."

"ఏ బిళ్లలమ్మా?"

కాగితం పొట్లం విప్పిన చప్పుడు.

"ఎన్ని ఇచ్చారు?"

"రోజుకు మూడు, నాలుగు. సూదులు నడిచినప్పుడు మూడు దినాలు, రైల్ల, ఇంటికాడ గూడ. నాకెర్కలేదు సార్. ఎర్కుంటే నా పానం తీసి ఇద్దును గని గవి ఇయ్యకపోదును."

ఆమె ఏడవలేదు. అలా ఏడవకుండా మాట్లాడడం వింటే నాకు ఏడుపు వచ్చింది. డాక్టరు తెర తీసుకుని లోపలికి వచ్చాడు. కోప్పడతాడనుకున్నాను. ఆయన మంచం అంచున కూర్చున్నాడు.

"ఇది నిన్ననే చెప్పాల్సింది. ఈ బిళ్లలు ఆ మందును కిడ్నీల్లోంచి పోనివ్వవు. దానికి తోడు ఎండ, వాంతులు, నీళ్లు తాగకపోవడం. ఇప్పుడు నాకు కారణం తెలిసింది. తెలియకపోతే ఏం చేసేవాడినో తెలుసా? నీ ఒళ్లు ఈ మందుకు అసలే పడదని రాసేసేవాణ్ని. లేదంటే ఇంకేదో జబ్బని వెతుకుతూ కూర్చునేవాణ్ని." అత్త వైపు తిరిగాడు. "మీరు చెప్పి మంచి పని చేశారు. తల దించుకోకండి."

ఆ మాటతో అత్త కూలబడింది. నేల మీద, మంచం కోడును పట్టుకుని కూర్చుండిపోయింది.

"నువ్వు ఎందుకు చెప్పలే బిడ్డా?" అంది నా వైపు తిరిగి.

"నీ కొడుకు నిన్ను ఏమంటడో అని."

"నువ్వు లేకుంట అయినంక నా కొడుకు నన్ను ఏమన్నా నాకేంది," అంది.

నాలుగో రోజు మధ్యాహ్నం మా ఆయన బొంబాయి నుంచి వచ్చాడు. చిన్న అట్టపెట్టెను గుండెకు ఆనించి పట్టుకుని, గడ్డం మాసిపోయి, రెండు రోజులుగా తిండి లేని మొహంతో వచ్చాడు. పెట్టె సిస్టరమ్మ చేతిలో పెట్టాకగానీ కూర్చోలేదు. ఆయన నీళ్లు తాగడం అయ్యేదాకా ఆగి, అత్త తనే అంతా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు.

ఆయన విన్నాడు. లేచి వరండాలోకి వెళ్లి కటకటాలు పట్టుకుని నిలబడ్డాడు. ఆ తరవాత తల్లితో మాట్లాడడం మానేశాడు. ఆమె అన్నం పెడితే తినేవాడు, ఆమె ఉన్న చోటే కూర్చునేవాడు, మాట మాత్రం లేదు. తిట్టి ఉంటే ఆమె భరించేదేమో. ఆ మౌనానికి ఆమె రోజురోజుకూ చిన్నదైపోయింది.

ఐదో రోజు మూత్రం డెబ్బై. పొట్టలో గొట్టం వేయడానికి మర్నాటికి సిద్ధం చేశారు. బొడ్డు కింద ఎక్కడ గుచ్చుతారో యువ డాక్టరు ఒకాయన వేలితో చూపించాడు. ఆ చోటు ఆ రోజంతా చల్లగా, నాది కానట్టు ఉండిపోయింది. ఊపిరి తీస్తే అడుగున నీళ్లు గరగరమనేవి. పడుకుంటే మునిగిపోతున్నట్టుండి, దిండ్లకు ఆనుకుని కూర్చునే ఉన్నాను. మా బడిలో మూడో తరగతి పిల్లల పేర్లు హాజరుపట్టీ వరసలో గుర్తు చేసుకునేదాన్ని. మధ్యలో ఒక పేరు తప్పితే మళ్లీ మొదటి నుంచి. ఆ వరస పూర్తయితే బతుకుతానని ఎందుకో అనుకున్నాను. ఒక్కసారి కూడా పూర్తి కాలేదు.

ఆరో రోజు పొద్దున అత్త జాడీని వెలుతురుకు పెట్టి చూపించినప్పుడు నేను చదవడానికి కాస్త సమయం తీసుకున్నాను. కళ్లు సరిగా కనిపించడం లేదేమో అనుకున్నాను.

"ఎంతున్నది?" అంది అత్త.

"రెండువందల పది."

ఆమె జాడీని చూసింది, నన్ను చూసింది. దాన్ని పారబోయకుండా పట్టుకునే వెళ్లి సిస్టరమ్మకు చూపించి, అక్కడ నమ్మకం చాలక డాక్టరు వచ్చేదాకా కింద పెట్టలేదు. డాక్టరు గొట్టం సంగతి సాయంత్రం దాకా ఆపమన్నాడు. సాయంత్రానికి ఇంకో మూడు వందలు. మర్నాటికి వెయ్యి దాటింది. ఆ తరవాత ఆగకుండా పోతూ ఉంటే ఇప్పుడు ఒంట్లో నీళ్లన్నీ పోతాయని మళ్లీ భయపెట్టారు. సీసా మీద సీసా సెలైన్ ఎక్కించారు. విరుగుడు సూదులు సాగాయి. నోట్లో పుండ్లు ఒక్కొక్కటే మానుతుంటే పదకొండో రోజున చల్లటి మజ్జిగ అన్నం మెత్తగా కలిపి తినగలిగాను.

ఆ అన్నం కలిపి పెట్టింది అత్త. మా ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయనకీ కంచంలో పెట్టింది. ఆయన తల ఎత్తలేదు. నాకు ఒక్కసారిగా కోపం వచ్చింది.

"ఎన్ని దినాలు గిట్లుంటవు?" అన్నాను. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "ఆమె ఇచ్చింది. నేను మింగిన. నా నోరు తెరిచి ఎవలు పొయ్యలే. సిస్టరమ్మ వద్దన్నది నేను ఇన్న, ఆమె ఇనలే. మాట్లాడకుంటే నాతోని గూడ మాట్లాడకు."

ఆయన అన్నం కలిపి ఒక ముద్ద తిన్నాడు. తరవాత తల్లితో, "అవ్వా, జెర ఉప్పు," అన్నాడు. అంతే. ఆమె ఉప్పు కోసం లేచింది. తెర అవతలికి వెళ్లింది గానీ, ఉప్పు తెచ్చేసరికి చాలా ఆలస్యమైంది.

నేను ఇంటికి వచ్చేసరికి వానలు పడుతున్నాయి. చికిత్స అయిపోలేదు. జబ్బు ఇంకా కాస్త మిగిలి ఉంది. డాక్టరు పసుపు మందు పూర్తిగా ఆపి, కిడ్నీల మీద అంత భారం వేయని వేరే మందు మొదలుపెట్టాడు. ఆ మందు పెట్టిన మొదటి రోజు సిస్టరమ్మ నా చెయ్యి పట్టుకుంటే, నరం దొరకనంతగా చెయ్యి బిగుసుకుపోయింది. ప్రతి కోర్సుకూ అత్త వచ్చింది. వచ్చిన ప్రతిసారీ మంచం కింద నుంచి జాడీ తీసి ముందు దాన్నే కడిగేది. సిస్టరమ్మ దగ్గర అంకెలు నేర్చుకుంది. అరవై ఏళ్లు దాటిన మనిషి, వందలు, వేలు గీతల మీద వేలు పెట్టి చదివేది.

ఆరు నెలలకు ఛాతీలో మచ్చలు పోయాయి. పరీక్షలో గర్భం లేదని వచ్చింది. ఏ ఆడదానికైనా అది మామూలు మాట. నాకు అది వినడానికి ఏడాది పట్టింది.

ఆ తరవాత రెండేళ్లు నెలనెలా ఒకరోజు మొత్తం మూత్రం పట్టి హైదరాబాదు పంపాలి. మా ఆయన మూత గట్టిగా బిగించిన ప్లాస్టిక్ క్యాను గోనెసంచిలో చుట్టుకుని రైలెక్కేవాడు. ఒకసారి ఎవరో నూనెనా అని అడిగితే, అవునని, అమ్మేది కాదని చెప్పాడట. ఇంటికి వచ్చి అది చెప్పి నవ్వాడు. ఆ నవ్వు అయిపోగానే ఇద్దరం మళ్లీ ఫలితం కోసం ఎదురుచూడడంలో పడ్డాం. కాగితం వచ్చేదాకా నాలుగైదు రోజులు ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడేవాళ్లం కాదు.

కిడ్నీలు మునుపటంత బాగుపడలేదు. డాక్టరు ఆ సంగతి దాచలేదు. బతికినన్నాళ్లూ ఉప్పు తక్కువ, నీళ్లు ఎక్కువ, ఏ మందైనా అడిగాకే. రెండేళ్లు నిండాక, కావాలంటే బిడ్డను కనవచ్చు, కానీ కిడ్నీలకు అది భారమవుతుంది, దగ్గర పెట్టుకుని చూసుకోవాలి అన్నాడు. మా ఆయన నావైపు చూశాడు. నాకు ధైర్యం చాలలేదు. నెలసరి ఒక్కరోజు ఆలస్యమైతే చాలు, ఉబ్బిన పాదాలు, చల్లబడిన పొట్ట, తెర అవతల ఆగిపోయిన మాటలు అన్నీ ఒక్కసారి మీదికి వచ్చేవి. వద్దన్నాను. ఆయన సరేనన్నాడు.

అత్త ఆ విషయం నన్ను ఎన్నడూ అడగలేదు. కాలనీలో అడిగేవాళ్లు అడుగుతూనే ఉండేవాళ్లు. ఒకరోజు నల్లా దగ్గర ఎవరో, "మీ కోడలికి ఇంక కాన్పులు కావా అక్కా?" అని అడిగారు. నేను బిందె పట్టుకుని వెనకే ఉన్న సంగతి అత్తకు తెలియదు.

"మాకు అక్కెర లేదు," అంది అత్త. "బిందె నిండింది, జరుగు."

ఛాతీలో మచ్చలు పోయాక నేను మళ్లీ బడికి వెళ్లిన రోజు, నా మూడో తరగతి పిల్లలు నాలుగులోకి వెళ్లిపోయి ఉన్నారు. కొత్త పిల్లలు కూర్చుని ఉన్నారు. నా నెత్తి మీద అప్పుడే మొలుస్తున్న పొట్టి జుట్టును చూసి ఒకమ్మాయి నవ్వింది. నేను హాజరుపట్టీ తెరిచి, తెలియని పేర్లు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాను.